కాంటాక్ట్ ట్రేసింగ్ యాప్ మన గురించి ఎంత తెలుసుకుంటోందో తేల్చుకోవడం ఎలా?

2020లో కరోనాతో పాటు ఫోన్లలోకి ఒక కొత్త రకం యాప్ వచ్చింది. మన పక్కన కూర్చున్నవాళ్ళకి తర్వాత పాజిటివ్ అని తేలితే మనకి కబురు చెప్పే యాప్. కొందరు ఇష్టంగా వేసుకున్నారు, కొందరు అడిగారు కాబట్టి తప్పక వేసుకున్నారు. "మనం ఎక్కడికెళ్తే అక్కడికి వెంటపడుతుందట" అని భయపడ్డవాళ్ళు ఉన్నారు. "అబ్బే, అంతా సేఫ్" అని కొట్టిపారేసినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా ఏదో ఒక యాప్ విషయంలో నిజమే. పేరు ఒకటే అయినా వీటి లోపలి పనితీరు ఒకటి కాదు.

వాటిలో చాలావరకు ఇప్పుడు మూతపడ్డాయి. పద్ధతి మాత్రం తయారుగా ఉంది. ఇంకో అంటువ్యాధి ముదిరితే "వెంటనే ఇన్‌స్టాల్ చేసుకోండి" అనే మెసేజ్ రావడానికి ఎంతో సమయం పట్టదు. అప్పటి కంగారులో అడిగిన ప్రతిదానికీ "అలో" నొక్కేయకుండా, ఒక అరగంట కూర్చుని ఏమేం చూసుకోవాలో వరసగా చెప్తాను. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు.

1. ముందు కాగితం మీద ఆడి చూడండి

ఇంకొకరిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకోండి. ఇద్దరి దగ్గరా చెరో చిన్న నోటుబుక్కు ఉండాలి. మొదటి పేజీలో ఎవరికీ చూపించకుండా ఈ రోజుకి ఒక రహస్య పదం రాసుకోండి. దీన్ని తాళం అందాం. ఆ తాళం నుంచి, ఇద్దరూ ముందే ఒప్పుకున్న ఒక లెక్క ప్రకారం, పది నిమిషాలకొక కోడ్ పుట్టించాలి. గంటకి ఆరు, రోజుకి 144. లెక్క ఎలాంటిదంటే తాళం తెలిస్తే కోడ్‌లన్నీ వస్తాయి, కోడ్‌లు ఎన్ని దొరికినా తాళం మాత్రం రాదు.

ఇప్పుడు మీ కోడ్ మీరు పైకి చదవండి, ఎదుటివాళ్ళ కోడ్ వాళ్ళు చదువుతారు. విన్నది మీ నోటుబుక్కులో రాసుకోండి. పేరు వద్దు, చోటు వద్దు, కోడ్ ఒక్కటే. రేపు కొత్త తాళం. ఇలా రెండు వారాలు గడిచాక ఎదుటివాళ్ళకి జబ్బు అని తేలిందనుకోండి. వాళ్ళు తమ పాత తాళాలన్నీ ఒక కాగితం మీద రాసి, అందరికీ కనబడే గోడకి అంటిస్తారు. మీరు వెళ్ళి ఆ తాళాలు రాసుకుని, ఇంటికొచ్చి, ఒక్కో దాని నుంచి 144 కోడ్‌లు పుట్టించి, మీ నోటుబుక్కులో అవి ఉన్నాయేమో వెతుక్కుంటారు. ఉంటే మీరు వాళ్ళ దగ్గర కూర్చున్నట్టు. ఆ గోడకి మాత్రం ఎవరు చూశారో, ఎవరికి జత కుదిరిందో తెలియదు.

ఆపిల్, గూగుల్ కలిసి 2020 ఏప్రిల్ 10న ప్రకటించి మే 20న విడుదల చేసిన ఏర్పాటు దాదాపు ఇదే ఆట. ఫోన్ రోజుకొక తాళం తయారు చేసుకుంటుంది, 16 బైట్లు. అందులోంచి వచ్చిన కోడ్‌ని బ్లూటూత్‌లో సెకనుకి నాలుగుసార్ల చొప్పున గాలిలోకి వదులుతుంది. కొన్ని నిమిషాలకోసారి కాసేపు చెవి ఒగ్గి పక్క ఫోన్లు ఏమంటున్నాయో వింటుంది. కోడ్ మారినప్పుడల్లా ఫోన్ బ్లూటూత్ అడ్రస్, అంటే పక్క ఫోన్లకి కనిపించే గుర్తింపు సంఖ్య, కూడా మారాలి. లేకపోతే చొక్కా మార్చి టోపీ మార్చనట్టే, ఇట్టే దొరికిపోతారు. పద్నాలుగు రోజులు దాటినవన్నీ చెరిగిపోతాయి.

అంటే జబ్బు పడ్డ మనిషి బయటపెట్టే తాళాలన్నీ కలిపితే 224 బైట్లు. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ ఒక్క తెలుగు వాక్యాన్ని దాచుకోవడానికే ఫోన్‌కి అంతకంటే ఎక్కువ చోటు కావాలి.

2. జత కుదిరేది ఎక్కడో కనుక్కోండి

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. మిగతావన్నీ మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. జబ్బు పడ్డవాళ్ళ కోడ్‌లనీ మీరు విన్న కోడ్‌లనీ పక్కపక్కన పెట్టి చూసేది ఎవరు? మీ ఫోనా, ఎక్కడో ఉన్న సర్వరా?

మనం ఇందాక ఆడిన ఆటలో ఆ పని ఇంటికొచ్చాక, మన నోటుబుక్కులో జరిగింది. జర్మనీ 2020 జూన్‌లో తెచ్చిన కరోనా వార్న్ యాప్, స్విట్జర్లాండ్ వాళ్ళ స్విస్‌కోవిడ్ ఈ దారిలో నడిచాయి. రెండో దారిలో ఆట తిరగబడుతుంది. జబ్బు పడ్డవాళ్ళు తమ నోటుబుక్కు మొత్తం, అంటే తాము విన్న కోడ్‌లన్నీ, తీసుకెళ్ళి ఆఫీసులో ఇస్తారు. ఏ కోడ్ ఎవరిదో ఆఫీసుకి తెలుసు, ఎందుకంటే కోడ్‌లు పంచిందే అది. 2020 మార్చి 20న సింగపూర్ తెచ్చిన ట్రేస్‌టుగెదర్ ఈ రకం. ఫోన్ నంబర్ ఇస్తే సర్వర్ కోడ్‌లు పంపుతుంది. పాజిటివ్ వచ్చిన మనిషి తన జాబితా ఇచ్చాక ఆరోగ్య శాఖ వాటిని విప్పి, ఆ నంబర్లకి ఫోన్ చేస్తుంది. ఫ్రాన్స్ మొదటి యాప్ కూడా సర్వర్ దారే పట్టింది.

రెండో దారిని దురుద్దేశం అనేయడం తేలిక, కానీ న్యాయం కాదు. జబ్బు ఎక్కడ గుంపుగా పెరుగుతోందో, ఎవరికి వెంటనే ఫోన్ చేయాలో తెలియడం వైద్య సిబ్బందికి నిజంగా ఉపయోగం. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, ఎవరు ఎవరితో తిరిగారన్న చిట్టా ఒకచోట తయారవుతుంది. ఒకసారి తయారైన చిట్టా ఎవరి కళ్ళకైనా ఆశగానే కనిపిస్తుంది.

బ్రిటన్ కథ వేరు. 2020 మేలో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో సర్వర్ పద్ధతి యాప్‌ని పరీక్షించారు. తెర మీద లేకుండా వెనకాల నడిచే యాప్‌ని ఐఫోన్ బ్లూటూత్‌ని స్వేచ్ఛగా వాడుకోనివ్వదు కాబట్టి ఐఫోన్లని అది సరిగా పట్టుకోలేకపోయింది. జూన్‌లో దాన్ని పక్కనపెట్టి, సెప్టెంబర్ 24న ఆపిల్, గూగుల్ ఏర్పాటు మీద కొత్తది తెచ్చారు. దారి మార్చడానికి ప్రైవసీ మీద ప్రేమ ఒక్కటే కారణం కాదన్నమాట.

మీ చేతిలో ఉన్న యాప్ ఏ రకమో తెలుసుకోవడానికి మూడు గుర్తులు చాలు. మొదలుపెట్టగానే ఫోన్ నంబర్, పేరు అడిగిందా? పాజిటివ్ అని నమోదు చేసినప్పుడు మీ నుంచి వెళ్ళేది మీ సొంత తాళాలా, మీరు కలిసినవాళ్ళ జాబితానా? హెచ్చరిక ఎలా వస్తుంది, ఫోన్ తనంతట తాను చూపిస్తుందా, ఎవరైనా అధికారి ఫోన్ చేసి చెప్తారా? మీ నంబర్ ఇంకెవరూ ఇవ్వకుండానే ఆ ఫోన్ వచ్చిందంటే జత కుదిరింది సర్వర్‌లోనే. యాప్ గురించిన ప్రశ్నలు-జవాబుల పేజీలో ఈ మూడింటికీ సూటి జవాబు లేకపోతే, అది కూడా ఒక జవాబే.

3. లొకేషన్ సంగతి తేల్చండి

ఎవరి దగ్గర ఉన్నామో చెప్పేది బ్లూటూత్. ఎక్కడ ఉన్నామో చెప్పేది జీపీఎస్. అంటువ్యాధికి మొదటిది కావాలి, రెండోది అక్కర్లేదు. తమ ఏర్పాటు వాడుకునే యాప్‌లు లొకేషన్ పర్మిషన్ అడగనే కూడదని ఆపిల్, గూగుల్ నిబంధన పెట్టాయి. అలా కాకుండా బ్లూటూత్‌తో పాటు జీపీఎస్ కూడా తీసుకున్నవి ఉన్నాయి. 2020 ఏప్రిల్ 2న భారత ప్రభుత్వం విడుదల చేసిన ఆరోగ్య సేతు అలాంటిదే. నార్వే మొదటి యాప్ అయితే లొకేషన్‌ని సర్వర్‌లో పోగుచేసింది. డేటా రక్షణ సంస్థ అభ్యంతరం చెప్పడంతో 2020 జూన్‌లో ఆపేసి, అప్పటిదాకా పోగైనదంతా చెరిపేశారు.

ఇక్కడ ఆండ్రాయిడ్‌లో ఒక తిరకాసు ఉంది, చాలామందిని బెదరగొట్టింది కూడా ఇదే. ఆండ్రాయిడ్ 10 వరకు, చుట్టుపక్కల బ్లూటూత్ సిగ్నళ్ళు వెతకాలంటే ఫోన్‌లో లొకేషన్ స్విచ్ ఆన్‌లో ఉండాల్సిందే. దాంతో లొకేషన్ జోలికే వెళ్ళని యాప్ కూడా "లొకేషన్ ఆన్ చేయండి" అనేది. చూసినవాళ్ళు "అనుకున్నంతా అయింది" అని యాప్ తీసి పారేశారు. ఆపిల్, గూగుల్ ఏర్పాటు వాడే యాప్‌లకి ఆండ్రాయిడ్ 11 నుంచి ఈ బెడద పోయింది.

మీరు చేయాల్సింది ఇది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, యాప్స్‌లో ఆ యాప్ పేరు నొక్కి, పర్మిషన్స్ తెరవండి. ఆ జాబితాలో లొకేషన్ అన్న మాటే లేకపోతే, పైన స్విచ్ ఆన్‌లో ఉన్నా ఈ యాప్‌కి మీ లొకేషన్ అందదు. ఉండి, "ఎప్పుడూ అనుమతించు" అని ఉంటే అందుతుంది. స్విచ్ వేరు, పర్మిషన్ వేరు. కాకపోతే స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ, ఇదివరకే పర్మిషన్ ఇచ్చేసిన మీ పాత యాప్‌లు లొకేషన్ తీసుకుంటూనే ఉంటాయి. కాబట్టి ఆ పక్కవాటినీ ఓ చూపు చూడండి. దొంగ అక్కడ దొరకడానికే ఎక్కువ అవకాశం.

కాంటాక్ట్స్, మైక్, ఫోటోలు అడిగితే వద్దనండి. కెమెరా మాత్రం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడానికి అడగొచ్చు.

4. నిబంధనల పేజీలో మూడే చోట్ల వేలు పెట్టండి

మొత్తం చదవమని చెప్పను, నేనూ చదవను. ఎన్ని రోజులు ఉంచుతారు, ఇంకెవరికి ఇవ్వొచ్చు, అవసరం తీరాక ఏం చేస్తారు. ఈ మూడూ వెతకండి. ఇందులో మధ్యదే మెలిక.

సింగపూర్‌లో ఈ సమాచారాన్ని కాంటాక్ట్ ట్రేసింగ్‌కి తప్ప ఇంకెందుకూ వాడబోమని మొదట చెప్పారు. 2021 జనవరిలో పార్లమెంటులో ప్రశ్న వస్తే, నేర విచారణ చట్టం కింద పోలీసులు దీన్ని తీసుకోవచ్చని, ఒక హత్య కేసులో తీసుకున్నారు కూడా అని బయటపడింది. జనం మండిపడ్డారు. మరుసటి నెలలో, ఏడు రకాల తీవ్ర నేరాలకు మాత్రమే దీన్ని వాడాలని ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. యాప్ అబద్ధం ఆడలేదు, ఫోన్‌లో అది చెప్పినట్టే పనిచేసింది. దాని పైనున్న చట్టం సంగతే ఎవరూ అడగలేదు. అందుకే "మేము ఎవరికీ ఇవ్వం" అన్న మాట కనబడితే, ఆ కింద "చట్టం కోరితే తప్ప" అని ఉందేమో చూడండి. ఉంటే, సర్వర్‌లో ఉన్నది ఏమిటన్న రెండో మెట్టు ప్రశ్నకి మళ్ళీ వెళ్ళండి. సర్వర్‌లో లేనిదాన్ని సర్వర్ దగ్గర నుంచి ఏ చట్టమూ తీసుకోలేదు.

సోర్స్ కోడ్, అంటే యాప్‌ని తయారుచేసిన ప్రోగ్రామ్ రాత, బహిరంగంగా పెట్టారా అన్నది కూడా ఒక గుర్తు. జర్మనీ తన యాప్ సోర్స్ కోడ్‌ని విడుదలకు ముందే అందరి ముందూ పెట్టింది, ఆరోగ్య సేతు ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ 2020 మే 26న బయటికి వచ్చింది. మీరు చదవకపోయినా చదివి తప్పులు పట్టేవాళ్ళు ఉంటారు. అలాగని అది గ్యారంటీ కాదు. 2021 ఏప్రిల్‌లో పరిశోధకులు చూపించిందేమిటంటే, ఆండ్రాయిడ్‌లో ఫోన్లు బ్లూటూత్‌లో చెప్పుకునే కోడ్‌లు, ఫోన్ తన పనులన్నీ రాసుకునే సిస్టమ్ లాగ్‌లో కూడా నమోదవుతున్నాయి, ఫోన్‌తో పాటే వచ్చిన కొన్ని యాప్‌లకి ఆ లాగ్ చదివే వీలుంది. సరిచేస్తున్నామని గూగుల్ చెప్పింది. యాప్ తలుపు గట్టిగానే ఉంది, సందు ఇంటి గోడలో ఉంది.

5. వాడటం మొదలుపెట్టాక

బ్లూటూత్ ఆన్‌లో ఉంచాలి. బ్యాటరీ సేవర్ ఈ యాప్‌ని నిద్రపుచ్చకుండా మినహాయింపు ఇవ్వాలి. చేయాల్సింది అంతే. ఆశించాల్సింది ఎంతో మాత్రం కాస్త తెలుసుకోవాలి.

ఫోన్‌కి దూరం కొలిచే టేపు లేదు. పక్క ఫోన్ ఎంత బలంగా సిగ్నల్ పంపింది, తనకి చేరేసరికి ఎంత తగ్గింది, ఈ తేడాని బట్టి ఊహిస్తుంది. బ్లూటూత్ తరంగాలని నీరు మింగేస్తుంది, మనిషి ఒళ్ళంతా నీరే. వెనక జేబులో ఫోన్ పెట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే, రెండు శరీరాలు దాటి రావాలి కాబట్టి దగ్గరున్నా దూరమున్నట్టు లెక్క తేలుతుంది. అదే గోడకి అటూ ఇటూ ఉన్న రెండు ఫోన్లు, మధ్యలో గాలి కూడా ఆడకపోయినా, పక్కపక్కనే ఉన్నట్టు చెప్పుకోవచ్చు. గోడలకి చెవులుంటాయని ఊరికే అనలేదు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు 2020లో ట్రామ్‌లో పరీక్షిస్తే, ఇనుప పెట్టెలో సిగ్నళ్ళు అటూ ఇటూ కొట్టుకుని లెక్కలన్నీ చెదిరిపోయాయి. జర్మనీ, స్విస్ యాప్‌ల నియమాల ప్రకారం ఒక్క హెచ్చరికా రాలేదు. ఇటలీ నియమాలతో వచ్చాయి కానీ, బొమ్మా బొరుసూ వేసినదానికంటే మెరుగ్గా లేవు.

ఇంకో లెక్క. ఇద్దరి దగ్గరా యాప్ ఉంటేనే ఆ కలయిక నమోదవుతుంది. జనంలో 30 శాతం మంది వేసుకుంటే, యాదృచ్ఛికంగా కలిసిన జంటల్లో రెండువైపులా యాప్ ఉండేది 9 శాతమే. 60 శాతం వేసుకుంటే 36 అవుతుంది.

మరి దండగేనా? కాదు. బ్రిటన్ యాప్ మీద 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం, అది 2020 చివరి మూడు నెలల్లో సుమారు 3 నుంచి 6 లక్షల కేసులు రాకుండా ఆపి ఉంటుందని అంచనా కట్టింది. కాబట్టి హెచ్చరిక రాలేదని ధీమాగా తిరగొద్దు, వచ్చిందని కుంగిపోవద్దు.

6. హెచ్చరిక వస్తే

అది యాప్ లోపల కనిపిస్తోందో లేదో మొదట చూడండి. ఎస్సెమ్మెస్‌లో లింకు వస్తే నొక్కొద్దు. ఓటీపీ, డబ్బు, బ్యాంకు వివరాలు అడిగితే అది జబ్బు హెచ్చరిక కాదు, మోసం. యాప్‌లోనే ఉంటే, అందులో చెప్పిన తేదీ రాసుకుని పరీక్ష, విడిగా ఉండటం లాంటి సూచనలు పాటించండి.

తర్వాత మీ బుర్ర ఒక పని చేస్తుంది: ఎవరై ఉంటారా అని వెతుకుతుంది. యాప్ పేరు చెప్పదు, నిజమే. కానీ ఆ తేదీన మీరు రోజంతా ఒక్క మనిషినే కలిశారనుకోండి, ఇక చెప్పడానికేముంది? ఏ గణితమూ దీన్ని దాచలేదు. ఇది యాప్ లోపం కాదు, లోకంలో మనుషులు తక్కువగా ఉన్న రోజు లోపం. మీకు తెలిసిపోయినా మీ దగ్గరే ఉంచుకోండి. ఆ మనిషి మీకు చెప్పాలనే కదా తాళాలు బయటపెట్టింది.

7. మీకే పాజిటివ్ వస్తే

యాప్ తనంతట తాను ఏమీ పంపకూడదు. పరీక్ష చేసినవాళ్ళు లేదా ఆరోగ్య శాఖ ఇచ్చే ఒక కోడ్ మీరు కొట్టాలి, తర్వాత "పంపనా?" అని ఫోన్ మళ్ళీ అడగాలి. ఆ కోడ్ లేకపోతే ఎవడో ఆకతాయి "నాకు పాజిటివ్" అని నొక్కి ఆఫీసు మొత్తాన్ని ఇంట్లో కూర్చోబెట్టగలడు.

పంపేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. కాగితం ఆట గుర్తుందా? తాళం గోడకెక్కేదాకా మీ 144 కోడ్‌లు ఒకదానికొకటి సంబంధం లేనట్టే కనిపిస్తాయి. గోడకెక్కాక అవన్నీ ఒకే మనిషివని ఎవరైనా లెక్కకట్టగలరు. నగరంలో పదిచోట్ల బ్లూటూత్ వినే పరికరాలు పెట్టినవాడెవడైనా ఉంటే, ఆ మనిషి ఆ రోజు ఎటు నుంచి ఎటు వెళ్ళాడో గీత గీయగలడు. పేరు మాత్రం అప్పటికీ తెలియదు. సామాన్యుడికి ఇది పెద్ద ప్రమాదమని నేను అనుకోను, పది పరికరాలు పెట్టేవాడికి మిమ్మల్ని పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక దారులున్నాయి. అయితే మీ పని వల్ల ఎవరైనా మీ కదలికల మీద నిఘా పెట్టే అవకాశం ఉంటే ఆలోచించుకోవాల్సిందే.

మీ ఇంటర్నెట్‌ని గమనించేవాళ్ళకి "ఈ ఫోన్ ఇప్పుడు అప్‌లోడ్ చేసింది, అంటే జబ్బు" అని తెలిసిపోదా అన్న అనుమానం కూడా రావాలి. జర్మనీ, స్విస్ యాప్‌లు దీనికి ముచ్చటైన ఉపాయం చేశాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఫోన్లు కూడా అప్పుడప్పుడు ఉత్తుత్తి అప్‌లోడ్‌లు పంపేవి. ఏది నిజమో బయటివాడికి తెలియదు.

8. పని అయ్యాక తీసేయడం

అన్‌ఇన్‌స్టాల్ చివర చేయాలి, మొదట కాదు. యాప్‌లో ఖాతా ఉంటే, "ఖాతా తొలగించు" లేదా "నా డేటా చెరిపేయి" అన్న దాన్ని ముందు నొక్కండి. ఫోన్ నుంచి యాప్ తీసేస్తే సర్వర్‌లో ఉన్నది పోదు. ఫోన్ సెట్టింగ్స్‌లో పోగైన కోడ్‌లు చెరిపే మీట ఉంటే అదీ నొక్కి, అప్పుడు తీసేయండి.

తీయకుండా మర్చిపోయినవి కూడా వెతకండి. స్విస్ యాప్ 2022 ఏప్రిల్‌లో, బ్రిటన్‌ది 2023 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. ఆరోగ్య సేతులో కాంటాక్ట్ ట్రేసింగ్‌ని ఆపి ఆ డేటా చెరిపేశామని భారత ప్రభుత్వం 2023లో పార్లమెంటుకి చెప్పింది. యాప్ మాత్రం ఆరోగ్య సేవల యాప్‌గా కొనసాగింది. ఇలా పని మారిన యాప్‌లకి, పాత పని కోసం మీరిచ్చిన పర్మిషన్లు అలాగే ఉండిపోయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో మళ్ళీ ఒకసారి ఆ జాబితా తెరిచి, ఇప్పటి పనికి అక్కర్లేనివి ఒక్కొక్కటే తీసేయండి. లొకేషన్‌తో మొదలుపెట్టండి.